కార్డినల్ గారి తోట

ఇటలీలోని మా చెర్నోబ్బియోకి హైదరాబాదు నుంచి ఎవరొచ్చినా ముందు దీపికా పదుకొణె పెళ్ళి ఎక్కడ జరిగిందని అడుగుతారు. ఆ భవనం మా ఊళ్ళో లేదు, కోమో సరస్సు ఒడ్డునే ఇంకా పైన లెన్నోలో ఉంది. కాస్త చదువుకుని వచ్చినవాళ్ళు విల్లా దెస్తె పేరెత్తుతారు గానీ, వాళ్ళు చూసిన బొమ్మలన్నీ రోము దగ్గర తివోలీలో ఉన్న ఫౌంటెన్ల తోటవి. మా ఊరి విల్లా దెస్తె వేరే. 1873 నుంచి ఇది హోటలు. తోట వయసు మాత్రం అంతకు మూడువందల ఏళ్ళు ఎక్కువ.

ఈ తోట వేయించినవాడు తొలొమేయో గల్లియో, ఈ సీమ మనిషే. 1565లో కార్డినల్ అయ్యాడు, తర్వాత పోపు 13వ గ్రెగొరీ దగ్గర రాజ్యకార్యదర్శిగా చక్రం తిప్పాడు. రోములో ఎంత వెలిగినా విడిదికి సొంత సరస్సే కావాలన్నాడు. గర్రోవో వాగు సరస్సులో కలిసే చోట పెల్లెగ్రీనో తిబాల్ది చేత ఇల్లు కట్టించాడు. అందుకే మొదట్లో దీన్ని విల్లా గర్రోవో అనేవారు.

ఆ కాలపు పనితనం చూడాలంటే హోటలు భవనాన్ని వదిలి కొండవైపు తిరగాలి. అర్ధచంద్రాకారపు గోడలు రెండు చేతుల్లా చాచుకుని ఉంటాయి. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, అది రంగు పూత కాదు. తెల్లవీ నల్లవీ ఎర్రవీ చిన్న చిన్న గులకరాళ్ళు ఒక్కొక్కటే ఏరి, గచ్చులో పొదిగి స్తంభాలూ గూళ్ళూ తీర్చారు. వాటి వెనక పచ్చిక బాట కొండ ఎక్కుతుంది. దానికి అటూ ఇటూ నీటి మెట్లు, ఒక తొట్టి నిండి కింది తొట్టిలోకి పొర్లుతుంటాయి. పైన చివర హెర్క్యులిస్ విగ్రహం. విషం పట్టిన చొక్కా తెచ్చాడన్న కోపంతో సేవకుడు లీకస్‌ని ఎత్తి సముద్రంలోకి విసిరేస్తుంటాడు. అందరూ దాని ముందే ఫొటోలు దిగుతారు. నన్నడిగితే ఆ భారీ విగ్రహం కంటే గులకరాళ్ళ గోడలే గొప్ప.

తర్వాతి యజమానులు ఎవరి సరదా వాళ్ళు తీర్చుకున్నారు. విత్తోరియా పెలూజో అనే మాజీ నర్తకి మార్క్విస్ కల్దెరారాను పెళ్ళాడి ఈ ఇంటికి వచ్చింది. ఆయన పోయాక నెపోలియన్ సైన్యంలో పనిచేసిన జనరల్ పీనోని చేసుకుంది. యుద్ధాలు లేక భర్తకి తోచదేమోనని కొండవాలు మీద ఉత్తుత్తి కోటగోడలు, బురుజులు కట్టించిందంటారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. తెలియనివాళ్ళు వాటినే అసలు పాతవి అనుకుంటారు!

1815లో బ్రిటిష్ యువరాణి కెరొలైన్ దీన్ని కొంది. బ్రన్స్‌విక్ వంశం, ఎస్తె వంశం ఒక్క మూలం నుంచే వచ్చాయి కనుక విల్లా దెస్తె అని పేరు పెట్టుకుంది. ఇంగ్లీషు పద్ధతిలో తోటను కొంత మార్చింది. ఇక్కడి నుంచి కథ లండన్ చేరింది. 1820లో భర్త నాలుగో జార్జి ఆమెను వదిలించుకోవాలని బిల్లు తెచ్చి ప్రభువుల సభలో విచారణ పెట్టించినప్పుడు, ఈ తోటలో పనిచేసిన తాపీమేస్త్రీని సైతం అక్కడికి తీసుకెళ్ళి సాక్ష్యం చెప్పించారు. ఇక్కడి ఆదాము, అవ్వల బొమ్మల ముందు యువరాణి, ఆమె ఇటాలియన్ సహచరుడు పెర్గామీ ఎలా నిలబడ్డారన్నది అంత పెద్ద సభలో చర్చ! ఆ బిల్లును చివరికి ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది.

ఇన్ని చేతులు మారినా కార్డినల్ నాటి గీత చెరిగిపోలేదు. కోమో ఒడ్డున పాత అమరిక ఇంతగా మిగిలిన తోట మరొకటి లేదని అమెరికన్ రచయిత్రి ఎడిత్ వార్టన్ 1904లోనే తేల్చింది. నాదీ అదే మాట.

చూడాలనుకునేవాళ్ళకి ఒక సూచన. చలికాలంలో హోటలు మూసేస్తారు, వసంతం వచ్చాకే రండి. ఇది పార్కు కాదు, టికెట్టు కొని తిరిగే చోటూ కాదు. గది అద్దె మనబోటివాళ్ళకి అందదు కాబట్టి, లోపల కాఫీకో భోజనానికో వీలుందేమో ముందే కనుక్కుని బయల్దేరండి.