అక్వేరియంలో పాచి తినే మంచినీటి రొయ్యలు – పెంపకంలో జాగ్రత్తలు

ఇళ్లలో అలంకరణ కోసం ఏర్పాటు చేసుకునే అక్వేరియంలలో గాజు గోడలపైన, మొక్కల ఆకులపైన పాచి పేరుకుపోవడం సాధారణ సమస్య. రసాయనాలు వాడకుండా దీనిని అదుపులో ఉంచడానికి చిన్న మంచినీటి రొయ్యలు ఎంతగానో ఉపకరిస్తాయి. అయితే ఇవి పాచిని తింటాయే గాని చెడిన నీటిని శుద్ధి చేయజాలవు. ఈ తేడాను గ్రహించకపోవడం వల్లనే కొని తెచ్చిన కొద్ది రోజులకే చాలా రొయ్యలు మరణిస్తున్నాయి.

రెండు ముఖ్య రకాలు

జపాన్‌కు చెందిన ఛాయాగ్రాహకుడు, అక్వేరియం రూపశిల్పి తకాషి అమానో (1954-2015) 1980వ దశకంలో ఈ రొయ్యలను పాచి నివారణకు వినియోగించి ప్రాచుర్యం కల్పించారు. ఆయన పేరిట అమానో రొయ్యగా పిలిచే ఈ జాతి శాస్త్రీయ నామం కారిడినా మల్టిడెంటాటా. ఇది 4 నుంచి 5 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. దీని పిల్లలు ఎదగడానికి ఉప్పునీరు అవసరం. కావున ఇంటి తొట్టిలో వీటి సంతతి వృద్ధి చెందదు.

రెండవది ఎర్రని చెర్రీ రొయ్య. 2 నుంచి 3 సెంటీమీటర్ల పొడవుండే ఈ రకం మంచినీటిలోనే సంతానోత్పత్తి చేస్తుంది. పాచిని తినడంలో మాత్రం అమానో రొయ్యదే పైచేయి. మెత్తని పోగుల వంటి పాచిని ఇది ఇష్టంగా తింటుంది. గాజుకు గట్టిగా అంటుకున్న పచ్చని చుక్కల పాచిని చేతితో గీకి తొలగించవలసిందే.

తొట్టి సిద్ధం చేయుట

కొత్త తొట్టిలో వెంటనే రొయ్యలను విడువరాదు. వ్యర్థాల నుంచి వెలువడే అమ్మోనియాను మార్పు చేసే బాక్టీరియా వృద్ధి చెందడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించిన పిదపనే వాడాలి. ఫిల్టరు నీటిని పీల్చే గొట్టానికి స్పాంజి తొడగాలి. అమానో రొయ్యలు బయటకు పాకిపోగలవు కనుక తొట్టిపై మూత తప్పనిసరి. గోల్డ్‌ఫిష్ వంటి పెద్ద చేపలు వీటిని తినివేస్తాయి.

రాగితో ప్రమాదం

చేపల వ్యాధులకు వాడే కొన్ని మందులలో రాగి ఉంటుంది. చేపలు తట్టుకొనే మోతాదు సైతం రొయ్యలకు ప్రాణాంతకం కాగలదు. మందు వేసే ముందు సీసాపై వివరాలను విధిగా పరిశీలించాలి.

ఆహారం, వేసవి సంరక్షణ

చేపల మేత అధికంగా లభిస్తే రొయ్యలు పాచిని ముట్టవు. పాచి తగ్గినప్పుడు మాత్రం ఉడికించిన పాలకూర వంటివి కొద్దిగా అందించి, మిగిలినది తీసివేయాలి. ఎదిగే క్రమంలో రొయ్యలు విడిచిన పైపెంకును తొట్టిలోనే ఉంచాలి. అందులోని ఖనిజాలను అవి తిరిగి తింటాయి.

అమానో రొయ్యలకు 27 డిగ్రీల సెల్సియస్ లోపు నీరు అనుకూలం. తెలుగు ప్రాంతాల వేసవిలో నీరు ఇంతకు మించి వేడెక్కుతుంది. నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను గాలి తగిలేలా అమర్చితే వేడి కొంత తగ్గుతుంది. ఆవిరైన నీటిని ఎప్పటికప్పుడు భర్తీ చేయాలి.

చెరువులలో విడువరాదు

అక్కర తీరిన రొయ్యలను చెరువులలో, కాలువలలో విడిచిపెట్టడం తగదు. జర్మనీలో పరిశ్రమల వేడినీరు కలిసే గిల్‌బాఖ్ వాగులో చెర్రీ రొయ్య జాతి స్థిరపడినట్లు 2013లో వెల్లడైంది. భారతదేశ నదులలోనూ కారిడినా జాతులు సహజంగా జీవిస్తున్నాయి. బయటి రొయ్యల ద్వారా వాటికి వ్యాధులు సోకే అవకాశం ఉంది. పెంపకం మానుకోదలచినవారు రొయ్యలను మరొక పెంపకందారునికి అప్పగించడం శ్రేయస్కరం.