ప్రసారభారతి: చట్టానికి ముందూ తరువాతా

1927లో బొంబాయి, కలకత్తా నగరాల్లో ఒక ప్రైవేటు కంపెనీ ఆరంభించిన రేడియో ప్రసారాలు మూడేళ్లు నిండకుండానే నష్టాల్లో మునిగిపోగా, 1930లో ఆంగ్ల ప్రభుత్వం వాటిని స్వాధీనం చేసుకొని, 1936లో ఆలిండియా రేడియో అని నామకరణం చేసింది. పరపాలకుల ప్రయోజనాలకు అనువుగా రూపొందిన ఆ వ్యవస్థను స్వతంత్ర భారతం దాదాపు యథాతథంగా స్వీకరించింది. విభజన గాయాలు మానని, అక్షరాస్యత అత్యల్పమైన దేశంలో రేడియోను జాతినిర్మాణ సాధనంగా నాయకులు తమ అధీనంలో ఉంచుకోదలచడం అసహజం కాదు. ఆ తాత్కాలికావసరం శాశ్వతాధికారంగా స్థిరపడడమే అనర్థమైంది. రేడియోకు, టెలివిజనుకు వేర్వేరు కార్పొరేషన్లు నెలకొల్పాలని 1966లో చందా కమిటీ చేసిన సిఫారసు ఆచరణకు నోచుకోలేదు.

ఆ ఉపేక్ష ఫలితం 1975లో అనుభవానికి వచ్చింది. అత్యయిక పరిస్థితి విధించిన కొద్దిరోజులకే సమాచార, ప్రసార శాఖను ఇందర్ కుమార్ గుజ్రాల్ నుంచి తప్పించి విద్యాచరణ్ శుక్లాకు అప్పగించారు; మరుసటి ఏడు నాలుగు వార్తాసంస్థలను 'సమాచార్'గా విలీనం చేశారు. ఆకాశవాణి పాలకపక్ష ప్రచారసాధనంగా పరిణమించిన తీరును 1977 నాటి శ్వేతపత్రమూ, షా కమిషనూ నమోదు చేశాయి. అయితే ఇందుకు వార్తావిభాగపు ఉద్యోగులనే దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. సెన్సారుకు లోబడడం ఇష్టం లేక నిఖిల్ చక్రవర్తి తన 'మెయిన్‌స్ట్రీమ్' వారపత్రికను నిలిపివేయగలిగారు. బులెటిన్ రాసే ప్రభుత్వోద్యోగికి ఆ వెసులుబాటు లేదు. సత్యనిష్ఠ గలవారు అక్కడా ఉండి ఉంటారు. వారి నిరాకరణకు అండగా నిలిచే శాసనమే లేదు. వృత్తిధర్మాన్ని వ్యక్తుల ధైర్యానికి మాత్రమే విడిచిపెట్టిన వ్యవస్థ, ఆ ధైర్యం కొరవడినప్పుడు వారిని నిందించే అర్హతను చాలావరకు కోల్పోతుంది.

జనతా ప్రభుత్వం బి.జి. వర్గీస్ అధ్యక్షతన నియమించిన బృందం 1978లో రాజ్యాంగరక్షణ గల జాతీయ ట్రస్టును 'ఆకాశభారతి' పేరిట ప్రతిపాదించింది. 1979లో పార్లమెంటు ముందుకు వచ్చిన ప్రసారభారతి బిల్లు ఆ ఆశయాన్ని బాగా కుదించింది. అదీ లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. ప్రతిపక్షంలో స్వయంప్రతిపత్తిని కోరినవారే అధికారంలో దానికి జంకడం ఏ ఒక్క పక్షానికో పరిమితమైన దోషం కాదు.

తదనంతర ఘట్టంలో తెలుగువారి పాత్ర గణనీయం. నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వంలో మంత్రి పర్వతనేని ఉపేంద్ర చొరవతో 1990లో చట్టమైన ప్రసారభారతి, పి.వి. నరసింహారావు పాలనాకాలమంతా అమలుకు నోచుకోలేదు. ఉపగ్రహ చానెళ్లు ముంచెత్తుతున్న ఆ రోజుల్లో దూరదర్శన్‌ను వదులుకోవడానికి ప్రభుత్వం సంకోచించి ఉండవచ్చు. ఆ సంకోచం అర్థమయ్యేదే గాని సమర్థనీయం కాదు. 1995లో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి సభ్యులుగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని నిర్ణయించింది. చివరకు 1997 సెప్టెంబరులో, ఒకనాడు పదవి తప్పించబడిన గుజ్రాల్ ప్రధానిగా, ఎస్. జైపాల్‌రెడ్డి శాఖామంత్రిగా ఉండగా చట్టం అమలులోకి వచ్చింది. నిఖిల్ చక్రవర్తి తొలి ఛైర్మన్ అయ్యారు.

నియామకాల సిఫారసు ఉపరాష్ట్రపతి, ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు, రాష్ట్రపతి నామినీ గల సంఘానికి దక్కడం నిజమైన లాభమే. కాని నిధులు ప్రధానంగా కేంద్ర గ్రాంటు నుంచే వస్తున్నాయి. 23వ సెక్షను కేంద్రానికి కొన్ని విషయాల్లో ఆదేశాధికారాన్ని మిగిల్చింది. 2007 అక్టోబరు 5కు ముందు చేరిన ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులుగానే డెప్యుటేషన్‌పై కొనసాగేటట్లు 2012 నాటి సవరణ స్థిరపరచింది.