సుదర్శన తటాకం: రాతిపై నిలిచిన రాష్ట్రపాలకులు

ఖంభాత్ సింధుశాఖకు ఈవల సూరత్‌లో మగ్గాలను నమ్ముకొని జీవిస్తున్న మన తెలుగువారికి, ఆవల జునాగఢ్‌లో గిర్నార్ దారిపక్కన ఉన్న అశోకుని బండ పరాయిది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండపై చెక్కిన పద్నాలుగు ధర్మశాసనాలే దానిమీదా ఉన్నాయి. అయితే వాటిని చూసి చేతులు జోడించి వెనుదిరిగే మనం, అదే బండపై క్రీ.శ. 150లో మహాక్షత్రపుడు రుద్రదాముడు వేయించిన సంస్కృత శాసనాన్ని సాధారణంగా పట్టించుకోము. రాష్ట్రపాలకుడు ప్రజలకు ఏమి చేయగలడో చెప్పేది అదే.

ఆ శాసనం ఒక చెరువు కథ. చంద్రగుప్త మౌర్యుని రాష్ట్రీయుడు, వైశ్యుడైన పుష్యగుప్తుడు సుదర్శన తటాకాన్ని కట్టించాడు. అశోకుని కాలంలో యవనరాజు తుషాస్ఫుడు దానికి కాలువలు సమకూర్చాడు. యవనుడన్నారు కాని, పేరు పారసీకంలా ధ్వనిస్తుంది. నాలుగు వందల ఏళ్ళు దాటిన తరువాత కూడా, వంశం వేరైన మరొక రాజు తన శాసనంలో వారి పేర్లు చెప్పక తప్పలేదు. ఆ నీరు అంతకాలం పారింది మరి.

రుద్రదాముని కాలంలో పెనుతుపానుకు కట్ట తెగింది. గండి పొడవు 420 మూరలు, వెడల్పూ అంతే, లోతు 75 మూరలు. ఇంత గండి పూడ్చడం అసాధ్యమని రాజు మంత్రులే, కార్యాధికారులే అడ్డుచెప్పారు. ఇక కట్ట లేవదని ప్రజలు హాహాకారాలు చేశారు. అప్పుడు పనిని నెరవేర్చినవాడు ఆనర్త, సురాష్ట్రాలకు రాజు నియమించిన అమాత్యుడు సువిశాఖుడు. కులైపుని కుమారుడు, పహ్లవుడు; అంటే ఇరాన్ మూలాలవాడు. సమర్థుడు, ఓర్పు గలవాడు, గర్వం లేనివాడు, లంచానికి లొంగనివాడని శాసనం అతణ్ణి వర్ణించింది. కట్ట మునుపటికంటే మూడింతలు దృఢమైందట.

ఖర్చు రాజు బొక్కసానిది. పౌరులపై పన్ను, విష్టి, ప్రణయం మోపలేదని శాసనం ప్రత్యేకంగా చెబుతుంది. విష్టి అంటే వెట్టి. ప్రణయం అంటే ప్రేమ పేరిట గుంజే చందా. రాజప్రశస్తిలో అతిశయోక్తి ఉండవచ్చు. కాని వెట్టి లేకపోవడం గొప్ప అని చాటుకోవలసి వచ్చిందంటే, మిగిలిన చోట్ల అది ఎంత మామూలో ఊహించవచ్చు. వెట్టిని తాతముత్తాతల నోట విన్న మనకు దాని బరువు వేరే చెప్పాలా?

ఇక్కడ మేము ఒకటి గమనించాము. పుష్యగుప్తుడు వైశ్యుడని, తుషాస్ఫుడు యవనుడని, సువిశాఖుడు పహ్లవుడని శాసనం పుట్టుకను విడవకుండా రాసింది. అయినా ఆ పుట్టుక పదవికి అడ్డం కాలేదు. అదే బండపై అయిదవ ధర్మశాసనంలో అశోకుడు, తన అభిషేకానంతరం పదమూడవ ఏట ధర్మమహామాత్రులను నియమించానని, వారు సేవకుల మధ్య, అనాథల, వృద్ధుల మధ్య పనిచేస్తారని చెప్పాడు. అధికారి ఎవరి కోసమన్నది అక్కడ తేలిపోయింది.

గుప్తుల కాలంలో, క్రీ.శ. 455 ప్రాంతంలో కట్ట మళ్ళీ తెగితే, స్కందగుప్తుని సురాష్ట్ర పాలకుడు పర్ణదత్తుని కుమారుడు చక్రపాలితుడు పూడ్పించాడు. అతని పేరూ అదే బండపై ఉంది. మట్టి మోసినవారి పేర్లు మాత్రం ఏ శాసనంలోనూ లేవు.