ముస్టరులో మన పేరు

గని చరిత్రను టన్నుల్లో రాస్తారు. ఏ ఏట ఎంత బొగ్గు తీశారో పుస్తకాల్లో ఉంది. ఆ పనిలోకి ఎవరిని తీసుకున్నారు, ఏ పేరుతో తీసుకున్నారు అన్నది మనమే రాసుకోవాలి.

1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కు దక్కింది. 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. సింగరేణి అన్న ఊరి పేరే తర్వాత కంపెనీ పేరైంది. అంతకు ముందు నుంచీ కోయలు బతికిన అడవి అది. తట్టా చెమ్మస్ పట్టడానికి దూర ప్రాంతాల నుంచీ మనుషులు వచ్చారు.

గనిలో మనిషి విలువ ఎంతో ముస్టరు చెబుతుంది. పర్మనెంట్ అయినవాడికి సెలవు, క్వార్టరు, ఆస్పత్రి. బదిలీ ఫిల్లరు ఇంకొకడు రాని రోజు కోసం ఎదురుచూస్తాడు. కాంట్రాక్టు కూలీ పేరు గుత్తేదారు పుస్తకంలో ఉంటుంది. గుత్తేదారు మారితే ఆ పేరు ఉంటుందో ఉండదో. ముగ్గురి ఒంటికీ అంటేది ఒకే బొగ్గు మసి.

ఆడవాళ్లకైతే 1952 గనుల చట్టం 46వ సెక్షన్ భూగర్భంలో పనే లేదంది. 2019లో గానీ ఆ దారి తెరుచుకోలేదు. అప్పటికి చేతి పని చాలామటుకు యంత్రాలకు పోయింది.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు సుమారు 40 వేలు. ఓపెన్‌కాస్టుకు భూమి ఎక్కువ కావాలి, చేతులు తక్కువ చాలు. భూమి పోయిన ఇంటికి ఉద్యోగం వచ్చినా అది ఒక మనిషి రిటైరయ్యేదాకే. పోయిన భూమి తరాలది.

అందుకే బొర్రా తీర్పును గుర్తుంచుకోవాలి. అనంతగిరి మండలంలోని ప్రైవేటు లీజులపై సమత సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1/70 చట్టం ఉన్న షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గని లీజు చెల్లదంది. ప్రభుత్వం కూడా అలా ఇవ్వరాదంది. గిరిజన సహకార సంఘాలు తవ్వుకోవచ్చంది. అంటే మనం గనిలోకి కూలీలుగానే వెళ్లాలన్న రాత ఏమీ లేదు.

గని కోసం భూమి అడిగిన రోజున గ్రామసభలో మూడు ప్రశ్నలు వేయాలి. ఎన్ని ఉద్యోగాలు? ఏ ముస్టరులో? ఎన్నేళ్లు? జవాబును తీర్మానంలో రాయించాలి. ఇంట్లో ఉన్న పాత గుర్తింపు కార్డులు, జీతం చీటీలు, భూమి కాగితాలు పారేయకుండా దాచాలి. రేపు మన పిల్లలు రాసే గని చరిత్రకు అవే ఆధారాలు.