నోటి పరీక్షకు సాక్ష్యం ఏది? (చదువు గోడలు – 7వ భాగం)

పీహెచ్‌డీలో చేరిన రెండో ఏడు నాకు కాంప్రహెన్సివ్ వైవా పెట్టారు. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు. బోర్డు మీద ఈక్వేషన్ సగం రాశానో లేదో, ఒక సారు "మీదే ఊరు?" అన్నాడు. చెప్పాను. "ఊళ్లో ఎక్కడ?" అన్నాడు. మీలో చాలామందికి ఈ రెండో ప్రశ్న తెలుసు. వాడ అని మన నోటితోనే చెప్పించాలి. ఆ తరవాత నాకు గొంతు పెగల్లేదు. రిజల్ట్ కాగితంలో "సబ్జెక్టు మీద పట్టు లేదు, మళ్లీ హాజరు కావాలి" అని రాశారు. ఊరి ప్రశ్న మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఇది నా ఒక్కడి గోడే అయితే ఇక్కడ రాసేవాణ్ని కాదు.

శ్రీనగర్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, 1979-80 అడ్మిషన్లు. రాతపరీక్షకు 100 మార్కులు, వైవాకు 50. రాతలో వెనకబడినవాళ్లు వైవా మార్కులతో ముందుకొచ్చి సీట్లు పట్టుకుపోయారు. సీటు రాని విద్యార్థులు సుప్రీంకోర్టుకెక్కారు. ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలే జరిగిందని, అడిగింది కూడా ఎక్కువగా తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అనేనని కోర్టుకు చెప్పారు. 1980 నవంబర్‌లో అజయ్ హాసియా కేసులో జస్టిస్ భగవతి తీర్పు రాశారు. ఇలాంటి అడ్మిషన్లలో వైవాకు 15 శాతం మించితే అది ఇష్టారాజ్యం అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, దాన్ని అందరూ మర్చిపోయారు: ఇంటర్వ్యూలను టేప్‌రికార్డు చేస్తే మంచిదని.

అది ఇంజినీరింగ్ సీట్ల సంగతి. పరిశోధన గుమ్మం దగ్గర ఇదే గొడవ జేఎన్‌యూలో నడిచింది. అక్కడ వైవా వాటా 30. విద్యార్థులు ఏళ్ల తరబడి పోట్లాడితే కమిటీలు వేశారు. 2016లో అబ్దుల్ నఫే కమిటీ రాత మార్కులనూ వైవా మార్కులనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ తేడాల్లో వివక్ష కనబడుతోందంది, వైవాను 15కు తగ్గించమంది. అదే ఏడాది యూజీసీ తెచ్చిన నిబంధనలు సరిగ్గా ఎదురుదిక్కుకు నడిచాయి. 2017లో జేఎన్‌యూలో రాతపరీక్ష అర్హతకే పరిమితమైంది, సీటు మొత్తం వైవా చేతిలోకి పోయింది. 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. యూజీసీ 70:30కి వచ్చింది. అయితే 2022 నిబంధనల్లో, ఫెలోషిప్ తెచ్చుకున్నవాళ్లను ఇంటర్వ్యూతోనే చేర్చుకోవచ్చని మళ్లీ రాశారు. సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ కొట్టి వచ్చే మన సైన్సు పిల్లలూ అందులోకే వస్తారు.

ఇదంతా గుమ్మం దగ్గరి పోరాటం. ఆ కమిటీకి వివక్ష దొరికిందంటే, పోల్చడానికి రెండు రకాల మార్కులు ఉన్నాయి కాబట్టి. లోపలికి వెళ్లాక జరిగే వైవాలో చాలాచోట్ల మార్కులే ఉండవు. "సంతృప్తికరం", లేదంటే "కాదు". 15 శాతమా 30 శాతమా అని ఏ కోర్టు కొలుస్తుంది? జేఆర్ఎఫ్ రెండేళ్లయ్యాక ఎస్ఆర్ఎఫ్ కావాలన్నా గైడు, హెడ్డు, బయటి నిపుణుడు కలిసిన ముగ్గురు కూర్చుని తేలుస్తారు. ఇంటికి పంపే డబ్బు వాళ్ల మాట మీద ఆధారపడి ఉంటుంది.

సైన్సులో నోటి పరీక్షే వద్దని నేననను. బోర్డు ముందు నిలబడి తెలిసినదాన్నుంచి తెలియనిదాంట్లోకి ఆలోచిస్తూ పోవడం పరిశోధనలో సగం పని. నేనడిగేది 1980లో కోర్టు అడిగిందే. ఆ గదిలో ఏం జరిగిందో ఎక్కడో ఒకచోట నమోదు కావాలి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రికార్డింగ్ పెట్టమని ముందే లెటర్ ఇవ్వండి. ఒప్పుకోకపోతే బయటికి రాగానే ఏ ప్రశ్న ఎవరడిగారో తేదీ వేసి రాసిపెట్టుకోండి.

ఆర్నెల్ల తరవాత నాకు రెండో వైవా జరిగింది. ఆ సారు అదే కుర్చీలో ఉన్నాడు. బయటి నుంచి వచ్చిన ఒక మేడమ్ మొదటి నుంచీ ప్రతి ప్రశ్ననూ తన నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చున్నారు. అదే ఈక్వేషన్ ఇచ్చారు, పూర్తిగా వేశాను. ఊరి పేరు ఎవరూ అడగలేదు.

(ఇంకా ఉంది)
జై భీమ్