ధర్మవరం పట్టు: మెరుపూ, మగ్గమూ

పట్టుచీర చరిత్ర రాయమంటే మనవాళ్లు రాజులతో మొదలుపెట్టి పెళ్లిళ్లతో ముగిస్తారు. మధ్యలో మగ్గం ఉండదు. ఈ లోపం ఒక్క చరిత్రకారులది మాత్రమే కాదు, సాహిత్యానిది కూడా. మన ప్రబంధ నాయికలు చీనాంబరాలు, దుకూలాలు కట్టారు. ‘చీనాంబరం’ అన్న మాటలోనే ఎడారులు, సముద్రాలు దాటిన వర్తకపు చరిత్ర ఉంది. కాని ఆ బట్టను నేసిన చేతుల గురించి ఆ వర్ణన ఒక్క మాటయినా చెప్పదు. అనంతపురం కరువు పీఠభూమిలో, పట్టుకు పేరుపడ్డ ధర్మవరాన్ని ముందు పెట్టుకొని ఈ మౌనాన్ని పరిశీలించడం అవసరం.

ధర్మవరం చీరల మీది నమూనాలకు మూలం లేపాక్షి అని తరచు చెబుతారు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన వీరభద్రాలయం అది. అక్కడి పైకప్పు చిత్రాల్లో చీరల అంచులు, గళ్లు, చారలు, కుచ్చిళ్ల తీరు నేటికీ కనిపిస్తాయి. లతామంటపం స్తంభాల మీది అల్లికలు చీర అంచుల్లోకి దిగివచ్చాయి. గుడి కట్టించిన విరూపణ్ణ పేరు మనకు తెలుసు. బొమ్మలోని బట్టను నేసిందెవరో బొమ్మ చెప్పదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ మహర్నవమి ఉత్సవాలను, అంతఃపుర స్త్రీల ఆభరణాలను, వస్త్రాలను విస్తారంగా వర్ణించాడు. అదే సామ్రాజ్యపు శాసనాల్లో మగ్గం మీద పన్ను కూడా ఉంది. పండుగ మెరుపు యాత్రికుడి పుస్తకంలోకి ఎక్కితే, నేతగాడు పన్ను కట్టేవాడుగా శాసనంలోకి ఎక్కాడు. 1800లో ఈ సీమ కంపెనీ చేతికి పోయాక కూడా ‘మొహతర్ఫా’ పేరుతో మగ్గం పన్ను సాగింది. పాలకులు మారారు కాని మగ్గంతో వారికున్న సంబంధం మారలేదు.

పట్టుకు ఆ గౌరవం ఎక్కడిది? దానికి రెండు పునాదులున్నాయి. ఒకటి సంపద, రెండోది మడి. నూలుబట్టకు మైల అంటుతుంది, పట్టుబట్టకు అంటదని ఆచారం. నిజానికి పట్టుదారం ఎలా వస్తుంది? గూటిలో ఉన్న పురుగును వేడితో చంపి తీస్తారు. ఆ దారాన్ని నేసేది శూద్ర కులాల చేతులు. ప్రాణిని చంపితే వచ్చిన దారం, గర్భగుడి గడప దాటే హక్కు లేని వాడు నేసిన బట్ట, చివరకు శుచికి గుర్తయి కూర్చుంది. శ్రమను తీసుకొని శ్రామికుణ్ణి బయట నిలబెట్టే నీతికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

ఇక మెరుపు సంగతి. ముడిపట్టు మెరవదు. దాని బరువులో సుమారు నాలుగో వంతు బంక. సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి ఆ బంక తీశాక మిగిలిన పోగు అడ్డుకోత ముక్కోణంగా ఉంటుంది. అందుకే దాని మీద పడిన వెలుతురు విరిగి మెరుస్తుంది. పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేస్తే, కట్టుకున్న మనిషి కదిలినప్పుడల్లా చీర రంగు మారినట్టుంటుంది. నెమలికంఠం రంగు అలా పుట్టిందే. పెళ్లికి చీర ఎంచేవాళ్లు కొంగు వెలుతురులో తిప్పి చూస్తారు, జరీ గోటితో గీకి చూస్తారు, బరువు చేత్తో తూచి చూస్తారు. ఈ పరీక్షలన్నీ సరుకుకే. నేసినవాడికి ఎంత ముట్టిందన్న ప్రశ్న అంగట్లో ఎవరి నోటా రాదు.

వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే నేలమీద దేశంలోకెల్లా ఖరీదైన బట్టల్లో ఒకటి ఎందుకు తయారైంది? టిప్పు సుల్తాన్ కాలంలో వేళ్లూనిన మైసూరు పట్టు పరిశ్రమ పక్కనే ఉంది. 19వ శతాబ్ది చివర్లో వేసిన రైలు మార్గం ధర్మవరాన్ని కూడలి చేసి బెంగళూరుకు కలిపింది. వీటిని మించిన కారణం కరువు. వాన మీద ఆధారపడిన సేద్యం, ముఖ్యంగా వేరుశనగ, మాటిమాటికీ దెబ్బ తీసింది. నేత కులాలవాళ్లే కాక సేద్యం విడిచినవాళ్లు కూడా మగ్గం గుంటలోకి దిగారు. అంటే పట్టు కరువును జయించలేదు. కరువు చౌక చేసిన శ్రమ మీద పట్టు నిలబడింది.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. సీమ అంతా వానకోసం ఎదురుచూస్తుంటే గుంట మగ్గం మనిషి వానకు భయపడతాడు. చెమ్మ పడితే నేత సాగదు. గుంటలో నీళ్లూరితే పని ఆగుతుంది. పని లేని రోజుకు కూలి లేదు. రైతూ నేతగాడూ ఒకే ఊళ్లో ఉండి ఒకే మబ్బును వేర్వేరు గుండెలతో చూస్తారు.

షావుకారు పడుగూ పేకా జరీ ఇస్తాడు. నేతగాడు నేసి చీరకింత అని కూలి తీసుకుంటాడు. ముందే తీసుకున్న బయానా అతణ్ణి ఆ గడపకు కట్టేస్తుంది. ఇంటి ఆడవాళ్లు కండెలు చుడతారు, పిల్లలు అందిస్తారు. వాళ్ల పేరున కూలి లేదు. ఈ సంబంధం మనకొక్కరికే ప్రత్యేకం కాదు. ధర్మవరం మగ్గాల మీద పువ్వులు, పిందెలు తీసే జకార్డు సాధనం 1804లో ఫ్రాన్సులోని లియోన్‌లో తయారైంది. ఆ లియోన్ పట్టు నేతగాళ్లే 1831లో, వర్తకులు తాము ఒప్పుకున్న కూలి రేట్ల నుంచి వెనక్కి పోయినందుకు, నల్ల జెండాతో తిరగబడ్డారు. జకార్డు అట్టలు మనదాకా వచ్చాయి. ఆ తిరుగుబాటు కథ మాత్రం మన పాఠ్యపుస్తకాల్లోకి సరిగా రాలేదు.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం 22 రకాలను చేనేతకే కేటాయించింది. తర్వాత వాటిని 11కు కుదించారు. పట్టుచీర ఆ జాబితాలో ఉన్నా, మరమగ్గం మీద నేసిన చీర చేనేత పేరు తగిలించుకుని అంగట్లో దొరుకుతూనే ఉంది. 2019 డిసెంబరులో నేతన్న నేస్తం పథకాన్ని ధర్మవరంలోనే ప్రారంభించారు. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24 వేల రూపాయలు ఇచ్చారు. పరుల మగ్గం మీద కూలికి నేసేవాడి సంగతేమిటి? అన్నిటికంటే ఆస్తి లేనివాడే ఆస్తి షరతు దగ్గర ఆగిపోయాడు. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరి పేరును కాపాడుతుంది, మంచిదే. కూలి రేటును మాత్రం కాపాడదు. 2022లో జిల్లా విడిపోయి ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. మగ్గం గుంటకు ఆ మార్పు తెలియదు.

ఇదంతా ఒక సాహిత్య పత్రికలో ఎందుకంటే, ఈ సీమ కరువుకు మనం ఇచ్చిన రూపం అసంపూర్ణం కనుక. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ (1956) తర్వాత ఎండిన ఏరు, బీడుపడిన చేను, వలసపోయే కూలి మన కవిత్వంలో, కథలో స్థానం సంపాదించుకున్నారు. అది గొప్ప లాభం. కాని కరువు అనగానే మనకు చేను గుర్తొచ్చినంతగా మగ్గం గుర్తురాదు. గుర్తొచ్చినా నేతగాణ్ణి కళాకారుడని పొగడటమో, అభాగ్యుడని జాలిపడటమో చేసి ఊరుకుంటాం. పొగడ్తా జాలీ రెండూ ఉత్పత్తి సంబంధాన్ని కప్పిపెడతాయి. షావుకారు బాకీ పుస్తకం, బయానా కాగితం, కండె చుట్టే ఇల్లాలి చేయి, వాన పడ్డ రోజు పోయిన కూలి మన కథల్లోకి రావాలి.

పట్టు కట్టవద్దని ఎవరూ అనడం లేదు. పండుగనాడు మంచి బట్ట కట్టుకోవాలన్న కోరిక మానవ సహజం. ఒకప్పుడు కొన్ని కులాలకే చెల్లిన ఈ మెరుపు ఇవాళ అప్పో సప్పో చేసి అయినా పేదింటి పెళ్లికూతురి దాకా రావడం చరిత్రలో ఒక ముందడుగే. మిగిలిన అడుగు నేసినవాడి ఇంట్లో పడాలి. అతని కూతురు తన పెళ్లినాడు తండ్రి నేసిన చీర కట్టుకోగలిగే పరిస్థితి ఎందుకు లేదన్న ప్రశ్నను తప్పించుకోకుండా అడగడం అభ్యుదయ రచయితల బాధ్యత.