పుస్తకం ఉంది, ఫైల్ తెరుచుకోదు

గిడుగు రామమూర్తి గారు సవర భాష మీద 1931లో వేసిన పుస్తకాన్ని మనం ఇవాళ్టికీ చదవగలం. కానీ ఇరవై ఏళ్ల కిందట డీటీపీ చేసిన మన పాటల ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఎందుకని?

అప్పట్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టేవారు. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలుంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌కి అవి ఇంగ్లిష్ అక్షరాలే. పీడీఎఫ్ చేస్తే రూపం నిలుస్తుంది గానీ, కాపీ చేస్తే మళ్లీ అదే గోల.

యూనికోడ్ 1991లోనే తెలుగు అక్షరాలకు సొంత నంబర్లు ఇచ్చింది. మంగేయ్ గొమాంగో 1936లో తయారుచేసిన సొరా సోంపెంగ్ లిపి కూడా 2012లో అందులో చేరింది. అంటే దారి ఉంది, నడవాల్సింది మనమే.

సవర, కువి, కొండ భాషల్లో పుస్తకం వేయించినప్పుడు అచ్చు కాపీతో సరిపెట్టుకోవద్దు. టైప్ చేసిన ఫైల్, ఫాంట్ రెండూ అడిగి తీసుకుందాం. పాతవి యూనికోడ్‌లోకి మార్చాక పెద్దల దగ్గర చదివి సరిచూద్దాం. మార్చేటప్పుడు వత్తులు తప్పుతాయి. వత్తు మారితే మాటే మారిపోతుంది. మీ ఊళ్లో పాత సీడీలుంటే ఇప్పుడే వెతకండి.